ఆ ఒక్క నిమిషం సంగతి

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికే అనంతపురం నుంచి మా చిన్నాన్న ఫోన్. ఆదివారం ఏడింటికి ఫోన్ వస్తే సాఫ్ట్‌వేర్ వాడికి రెండే భయాలు. ఒకటి, ప్రొడక్షన్‌లో ఏదో పగిలింది. రెండు, ఊళ్లో ఎవరికో ఒంట్లో బాలేదు. ఈసారి రెండూ కాదు.

"ఏమప్పా, లేసినావా? వీడు ఇంటర్ వద్దంటాండాడు. ఫుట్‌బాల్ అకాడమీకి పోతాడంట. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట ఇంటాడు. జరా చెప్పు" అన్నారు.

వీడు అంటే మా తమ్ముడు. చిన్నాన్న కొడుకు. 2010లో పుట్టాడు, మొన్ననే పదో తరగతి పరీక్షలు రాశాడు. మా ఇళ్లల్లో ఒక రూల్ ఉంది. ఇంజినీరింగ్ చేసి జీతం తెచ్చుకునేవాడికి అన్నీ తెలుసని అందరూ అనుకుంటారు. ప్రింటర్ రిపేర్ నుంచి పెళ్లి సంబంధం దాకా మనల్నే అడుగుతారు. కానీ "పంపొద్దు" అని చెప్పించుకోవడానికి చిన్నాన్న రాంగ్ నంబర్‌కి డయల్ చేశారు. ఎందుకంటే నాకు 2017 అక్టోబర్ 9 గుర్తొచ్చింది.

అప్పుడు నేను బీటెక్ థర్డ్ ఇయర్. హాస్టల్ రూమ్‌లో ఆరుగురం, ఒక ఫోన్. ఫోన్‌ని స్టీల్ గ్లాసుకి ఆనించి పెట్టాం. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఇండియా, కొలంబియా మ్యాచ్. ఫిఫా అండర్-17 వరల్డ్ కప్. ఆతిథ్య దేశం కాబట్టి మనకి క్వాలిఫయర్స్ లేకుండానే చోటు దొరికింది. మూడు రోజుల ముందే అమెరికా చేతిలో 3-0తో ఓడిపోయాం. ఆ మ్యాచ్‌లో మన అన్వర్ అలీ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి వెనక్కొచ్చింది. అదే ఊపులో వాళ్లు ఇటు పరిగెత్తుకొచ్చి మూడో గోల్ వేసేశారు. ఇంచు తేడాతో 2-1 కావాల్సింది 3-0 అయింది.

కొలంబియాతో ఇంకో రకం. ఫస్ట్ హాఫ్‌లో రాహుల్ కొట్టిన షాట్ పోస్ట్‌కి తగిలింది. సెకండ్ హాఫ్ మొదలవగానే పెన్యలోసా వాళ్లకి గోల్ ఇచ్చాడు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాం. ఒకడు లేచి మెస్‌కి కూడా వెళ్లిపోయాడు. 82వ నిమిషంలో మనకి కార్నర్. సంజీవ్ స్టాలిన్ బంతిని లోపలికి పంపాడు. మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ అందరికన్నా పైకి లేచి తలతో కొట్టాడు. గోల్!

ఏ ఫిఫా వరల్డ్ కప్‌లోనైనా, ఏ వయసు వాళ్లదైనా, ఇండియాకి అదే మొట్టమొదటి గోల్. స్టేడియంలో 40 వేల మందికి పైగా ఉన్నారు. మా రూమ్‌లో ఆరుగురం కూడా కాదు, ఐదుగురం. అయినా అరుపుకి కింద ఫ్లోర్ నుంచి వార్డెన్ వచ్చారు. ఆయన తలుపు తీసేసరికి 83వ నిమిషం. కొలంబియా సెంటర్ నుంచి ఆట మొదలుపెట్టింది, మనవాళ్లు ఇంకా సంబరంలోంచి బయటికి రాలేదు, పెన్యలోసా మళ్లీ కొట్టేశాడు. 2-1. వార్డెన్ గారికి మా మొహాలు చూసి ఏం తిట్టాలో తెలియలేదు. "ఏమైంది రా?" అని మాత్రం అడిగారు.

ఆ ఒక్క నిమిషం నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. కుర్రాళ్లు అలసిపోయారు అనుకున్నాను. ఏకాగ్రత పోయింది అనుకున్నాను. తర్వాత అదే టోర్నీలో ఇంగ్లండ్ కుర్రాళ్లని చూస్తే వేరే సంగతి కనిపించింది.

ఫైనల్ అక్టోబర్ 28న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో. స్పెయిన్ 2-0 ముందుంది. సీనియర్ జట్లే చేతులెత్తేసే స్కోరు. ఇంగ్లండ్ పిల్లలు ఏమీ జరగనట్టు ఆడి 5-2తో గెలిచారు. అందులో రెండు గోల్స్ వేసిన బక్కపల్చటి కుర్రాడి పేరు ఫిల్ ఫోడెన్. టోర్నీ బెస్ట్ ప్లేయర్ అతనే. ఎనిమిది గోల్స్‌తో టాప్ స్కోరర్ రియాన్ బ్రూస్టర్. ఇంకో గోల్ వేసిన డిఫెండర్ మార్క్ గెయీ 2025లో క్రిస్టల్ ప్యాలెస్ కెప్టెన్‌గా ఎఫ్‌ఏ కప్ ఎత్తాడు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెడతాను, చూడండి. 2017 నవంబర్ 21న, అంటే ఫైనల్ అయ్యి నెల కూడా కాకముందే, ఫోడెన్ మాంచెస్టర్ సిటీ సీనియర్ టీమ్ తరఫున ఛాంపియన్స్ లీగ్‌లో దిగాడు. చిన్నప్పటి నుంచి అదే క్లబ్ అకాడమీలో పెరిగినవాడు. అతనికి వరల్డ్ కప్ అనేది వెళ్తున్న దారిలో ఒక స్టాప్. దిగాడు, టీ తాగాడు, మళ్లీ బస్సెక్కాడు.

మరి మన పిల్లలకి? వాళ్లు ఎక్కడానికి బస్సే లేదు. ఫెడరేషన్ వాళ్లు ఆ బ్యాచ్‌ని చెదిరిపోనివ్వకుండా ఇండియన్ యారోస్ అనే పేరుతో ఐ-లీగ్‌లో దింపారు. పెద్ద మగాళ్ల లీగ్‌లో టీనేజ్ పిల్లలు. అదే నవంబర్ చివర్లో మొదటి మ్యాచ్‌లో చెన్నై సిటీని 3-0తో కొట్టి ఆశ్చర్యపరిచారు. సీజన్ అయ్యేసరికి పట్టికలో అడుగున ఉన్నారు. అయినా అది మంచి పనే అంటాను. వారం వారం నిజమైన మ్యాచ్ దొరికింది. 2022లో ఆ టీమ్‌ని కూడా ఎత్తేశారు.

అంటే ఆ 83వ నిమిషంలో తేడా టాలెంట్‌ది మాత్రమే కాదు. అటువైపు కుర్రాళ్లు గోల్ వేసిన వెంటనే ఎలా నిలబడాలో, గోల్ తిన్న వెంటనే ఎలా లేవాలో చిన్నప్పటి నుంచి ఆడి ఆడి నేర్చుకున్నారు. మన పిల్లలకి వరల్డ్ కప్‌లో గోల్ వేశాక ఏం చేయాలో రిహార్సల్ లేదు. నేర్చుకోవడానికి దొరికింది ఆ ఒక్క నిమిషమే.

ఈ అండర్-17 వరల్డ్ కప్ 1985లో చైనాలో అండర్-16గా మొదలైంది. మొదటి కప్ నైజీరియాది. ఇప్పటిదాకా అందరికన్నా ఎక్కువగా ఐదు కప్పులు కూడా వాళ్లవే. 1991 నుంచి అండర్-17 అయింది. వయసు ఎలా చూస్తారనుకుంటున్నారు? మా నాన్న తరంలో ఊళ్లో సగం మంది జూన్‌లోనే పుట్టారు, బడిలో చేర్పించేటప్పుడు హెడ్మాస్టర్ గారు వేసిన తేదీ కాబట్టి. ఇలాంటి సర్టిఫికెట్లు ప్రపంచమంతా ఉంటాయని ఫిఫాకి తెలుసు. అందుకే 2009 నుంచి ఈ టోర్నీలో మణికట్టుకి ఎంఆర్‌ఐ తీస్తున్నారు. ఎదిగే వయసులో ఎముక చివర ఉండే ప్లేట్ పూర్తిగా అతుక్కుపోయి కనిపిస్తే, ఆ అబ్బాయికి 17 దాటినట్టేనని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. కాగితం అబద్ధం చెప్పొచ్చు, ఎముక చెప్పదు.

ఇంకో కిటుకు కటాఫ్. 2017 టోర్నీకి 2000 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. 1999 డిసెంబర్ 31న పుట్టినవాడు ఎంత బాగా ఆడినా టీవీలో చూడాల్సిందే. అప్పట్లో టోర్నీ రెండేళ్లకోసారి కాబట్టి తప్పు సంవత్సరంలో పుడితే మరీ కష్టం. ఇప్పుడు ఆ బాధ తగ్గింది. 2025 నుంచి ఖతార్‌లో ఏటా జరుగుతోంది, 24 కాదు 48 టీమ్‌లు. కిందటి నవంబర్‌లో పోర్చుగల్ గెలిచింది. అందులో మనం లేం. 2025 వరకూ మన అబ్బాయిలు ఆడిన అండర్-17 వరల్డ్ కప్ ఆ 2017 ఒక్కటే. అమ్మాయిలు కూడా 2022లో ఆతిథ్య దేశంగానే ఆడారు.

చూసేవాళ్లు లేక కాదు సుమా. 2017లో ఆరు నగరాల్లో 52 మ్యాచ్‌లకి 13 లక్షల 47 వేల మంది స్టేడియాలకి వచ్చారు. ఆ టోర్నీ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. మనవాళ్లు మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటికెళ్లిపోయాక కూడా జనం వచ్చారు.

ఆ 21 మంది జట్టులో ఎనిమిది మంది మణిపూర్ వాళ్లే. తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. ఇది చిన్నాన్నకి చెబితే "చూసినావా మరి!" అనేస్తారు. కానీ మన దగ్గర అసలు ఆటే లేదని అనడానికి వీల్లేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానంలో నిలబెట్టి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదీ. మనకి ఆట ఉండేది. తర్వాత పిల్లలు ఏటా ఆడే మ్యాచ్‌లు లేకుండా పోయాయి.

సరే, ఆ 21 మంది ఇప్పుడు ఏమయ్యారు? రాత్రి కూర్చుని ఒక్కొక్కరి గురించీ వెతికాను. ఆరుగురి పేర్లు గబగబా దొరికాయి. జీక్సన్, సురేశ్, అపుయా, అమర్‌జిత్, రహీమ్ అలీ, అన్వర్ అలీ సీనియర్ ఇండియా జెర్సీ వేసుకున్నారు. అందులో అన్వర్ కథ వేరు. 2019లో గుండె సమస్య బయటపడింది. ఇక ఆడొద్దన్నారు. ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి, మళ్లీ గ్రౌండ్‌లోకి వచ్చి, 2022లో దేశానికి ఆడాడు. మిగిలినవాళ్లలో కొందరు క్లబ్బుల్లో ఉన్నారు. కొందరి పేర్లు వార్తల్లో ఎప్పుడో ఆగిపోయాయి. దేశం మొత్తం వెతికి తెచ్చిన పిల్లల లెక్కే ఇది. మా తమ్ముడు ఇంకా ఆ వెతుకులాటలో కూడా లేడు.

సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. ఉపదేశం ఏమీ ఇవ్వలేదు. ఒక్కటే అడిగాను. "పోయిన ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడావు రా?"

"ప్రాక్టీసా అన్నా?"

"కాదు. రిఫరీ ఉండి, విజిల్ ఉండి, స్కోరు రాసుకునేవి."

కాసేపు లెక్కపెట్టాడు. "పదకొండు."

ఇంటర్ కోచింగ్‌లో పిల్లవాడికి వారం వారం టెస్ట్ పెడతాం. ఫుట్‌బాల్ ఆడేవాడికి ఏడాదికి పదకొండు టెస్టులు, ఆపైన "దేశానికి ఎందుకు గెలవట్లేదు?" అని అడుగుతాం.

తర్వాత చిన్నాన్నకి చేశాను. "ఆ అకాడమీ వాళ్లని మూడు అడగండి చిన్నాన్నా. ఏడాదికి లీగ్ మ్యాచ్‌లు ఎన్ని ఆడిస్తారు? చదువు ఎక్కడ, ఎలా? 18 దాటాక ఏ క్లబ్‌కి పంపుతారు, ఇంతకుముందు ఎంతమందిని పంపారు? గ్రౌండ్ ఫొటోలు, విదేశీ కోచ్ పేరు చూపిస్తే పడిపోకండి. మూడింటికీ సూటిగా జవాబు చెబితే ఆలోచిద్దాం. లేదంటే అక్కడే ఇంటర్ చదువుతూ ఆడనీయండి, కానీ సాయంత్రం ఆట మాన్పించే కాలేజీలో మాత్రం వేయొద్దు" అన్నాను.

అంతా విని ఆయన అడిగారు. "అదంతా సరేప్పా. ఛాన్స్ ఎంత ఉంటాది? నూటికి ఒకటా?"

నేను చాలాసేపు మాట్లాడలేదు. తొమ్మిదేళ్ల కిందట ఆ హాస్టల్ రూమ్‌లో ఉన్న ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు ఉద్యోగం పోయి వెతుక్కుంటున్నారు. ఒకడు బ్యాంక్ పరీక్షలు రాస్తున్నాడు. ఒకడు వాళ్ల నాన్న షాపులో కూర్చుంటున్నాడు. మేం ఇంజినీరింగ్‌లో చేరేటప్పుడు ఇంట్లో ఎవరూ నూటికి ఎంత అని అడగలేదు. అందరూ వెళ్తున్న దారి కాబట్టి అది రిస్క్‌లా కనిపించలేదు, అంతే.

అదే చెప్పాను. "తక్కువే చిన్నాన్నా. చాలా తక్కువ. వాడికీ ఆ మాట చెప్పండి, దాచొద్దు. కానీ మీరు వాడి ఆట ఎప్పుడైనా చూశారా?"

"యాడ టైమ్? అంగడి ఎవురు చూస్తారు?" అన్నారు. ఫోన్ పెట్టేశారు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

నిన్న సాయంత్రం వాట్సాప్‌లో ఆయన నుంచి వీడియో వచ్చింది. 40 సెకన్లు. సగం ఫ్రేమ్‌లో ఆయన వేలే ఉంది. మిగతా సగంలో ఎర్రమట్టి గ్రౌండ్, దుమ్ము, పరిగెడుతున్న పిల్లలు. వాళ్లలో మావాడు ఎవడో నాకు తెలియలేదు. చివర్లో మాత్రం చిన్నాన్న గొంతు బాగా వినిపించింది.

"రేయ్, వెనక్కి రా! వెనక్కి రా రేయ్! వాళ్లు మళ్లా వస్తాండారు!"