బండి మనది, బాధ్యత కూడా మనదే



జనగామలో వడ్ల బస్తాలు, మహబూబాబాదులో మిర్చి, భూపాలపల్లి వైపు పత్తి. ఏ పంట చేతికి వచ్చినా నేడు కల్లము దగ్గర నిలుచునది డీజిల్ పికప్ బండియే. 2005లో టాటా ఏస్ వచ్చినది మొదలు ఇటువంటి చిన్న బండ్లు పల్లెపల్లెకు చేరినవి. మిర్చి తెల్లవారకముందే వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు చేరుచున్నదంటే వీటి చలువే. అప్పు చేసి బండి కొన్న కుటుంబములు మన సంఘములలోనూ ఉన్నవి. వాయిదా తేదీ ఎవరూ మరువరు. మిగిలిన సంగతులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మేత వేయకుండ ఎద్దును నాగలికి కట్టము గదా! ఇంజనూ అంతే. ఉదయమున బండి తీయకముందే ఇంజన్ ఆయిలు, కూలెంటు, టైర్లలో గాలి చూడవలెను. కల్లములలోను, బొగ్గు లారీలు తిరుగు దారులలోను దుమ్ము ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు పూడుకుంటే నల్లపొగ వచ్చును, డీజిల్ ఎక్కువ తాగును. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీసివేయకపోతే పంపు, ఇంజెక్టర్లు పాడగును. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 డీజిల్ బండ్లలో చాలావాటికి మసిని పట్టి ఉంచు ఫిల్టరు ఉన్నది. ఊరిలోనే కొద్దికొద్ది దూరములు తిరిగితే అది నిండిపోవును. దాని దీపము వెలిగినప్పుడు, బండితో ఇచ్చిన పుస్తకములో చెప్పినట్లు పెద్ద రోడ్డు మీద కొంతసేపు ఆపకుండ నడపవలెను.

ఇవన్నీ శ్రద్ధగా చేయువారు కూడ ఒకచోట ఏమరుచున్నారు. మిర్చి ఏరు కూలీలను, పెండ్లివారిని, ఒక్కొక్కసారి కూటములకు పోవు సంఘస్థులను వెనుక తొట్టిలో ఎక్కించుచున్నారు. “మనవాళ్లే గదా” అందురు. ఆ తొట్టిలో సీటు లేదు, బెల్టు లేదు. బండి పల్టీ కొడితే పట్టుకొనుటకు ఆధారమే లేదు.

బీమా ఉన్నదిగదా అని ధైర్యపడవద్దు. సరుకుల బండిలో ఊరకే ఎక్కిన ప్రయాణికులకు నష్టపరిహారము చెల్లించు బాధ్యత బీమా కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తీర్పు చెప్పినది. 1994 నాటి చట్ట సవరణ వలన సరుకు యజమానికి, లేదా సరుకు వెంట వచ్చు ఆయన మనిషికి మాత్రమే ఆ రక్షణ ఉన్నది. మిగిలినవారికి ఏమైనా జరిగితే ఆ భారము చివరికి బండి యజమాని మీదనే పడును. ఎదుటి కుటుంబము మనిషిని పోగొట్టుకొనును. ఈ కుటుంబము బండిని, ఉన్న ఎకరము పొలమును అమ్ముకొనవలసి వచ్చును.

కాబట్టి అడిగినవారు ఎంత దగ్గరివారైనను మృదువుగా కాదని చెప్పుడి. అది కఠినత్వము కాదు, ప్రేమయే. సంఘపెద్దలు కూడ కూటము తేదీ ప్రకటించిననాడే తలా కొంత వేసికొని బస్సు మాట్లాడుట మంచిది. బస్తాలు బండిలో పోవచ్చును, మనుష్యులు మాత్రము సీట్లలో కూర్చుండి పోవలెను.