కారు బేరంలో మనమెక్కడ?

వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి పుచ్చులు చూసుకుంటాం. చీర కొంటే మడత విప్పి, వెలుతురులోకి పట్టుకెళ్ళి మరీ చూస్తాం. అదే ఇంట్లో మూడు లక్షలు పెట్టి సెకండ్‌హ్యాండ్ కారు కొంటున్నారంటే మాత్రం మన వంతు పని, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెప్పించడం! "ఇంజన్ల గురించి నీకేం తెలుసు?" అంటారు. నిజమే, తెలియదు. ఆ మాటకొస్తే చాలామంది మగవాళ్ళకీ తెలియదు. అందుకేగా మెకానిక్‌ని వెంటబెట్టుకు వెళ్ళేది!

ఒకప్పుడు మధ్యతరగతి కారంటే మారుతి 800. 1983లో వచ్చి, 2014లో ఆగిపోయింది. లక్ష రూపాయల కారంటూ 2009లో మార్కెట్లోకొచ్చిన నానో కూడా ఇప్పుడు తయారవడం లేదు. కొత్తది అందనివాళ్ళు వాడిన కారు వైపు చూడటంలో తప్పులేదు. చంటిపిల్లతో వానలో స్కూటరు మీద వెళ్ళే బాధ మనకు తెలియనిదా?

కానీ ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. చాలా ఇళ్ళల్లో ముందు కట్టే సొమ్ము కోసం మన గాజులే తాకట్టుకెళతాయి. నెలనెలా వాయిదా కోసం కోత పడేది ఇంటి ఖర్చుకే. ఖర్చులో ఉన్న మనం బేరంలో ఎందుకు ఉండకూడదు?

వడ్డీ సంగతే తీసుకోండి. "పది శాతమేనమ్మా" అంటాడు ఫైనాన్స్ అతను. మూడు లక్షలకి ఐదేళ్ళు పది శాతం ఫ్లాట్ వడ్డీ అంటే లక్షన్నర. నెలకు 7,500 కట్టాలి. తీర్చేసిన అసలుకి కూడా చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాం. సరిగ్గా లెక్క వేస్తే అది 17 శాతం దాటుతుంది. "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని అడగడానికి ఇంజన్ గురించి తెలియక్కర్లేదు. చీటీపాటలు పాడే మనకి ఇదొక లెక్కా?

కాగితాలూ అంతే. అమ్మేవాడి పేరూ, ఆర్‌సీ మీద పేరూ ఒకటేనా? పాత అప్పు తీరిపోయి, అప్పిచ్చిన కంపెనీ పేరు ఆర్‌సీలోంచి తీసేశారా? బీమా ఎప్పటిదాకా ఉంది? సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి. పదమూడేళ్ళ కారు చవగ్గా వస్తోందంటే, రెండేళ్ళలో ఫిట్‌నెస్, రెన్యువల్ ఖర్చులు గుమ్మంలో నిలబడి ఉన్నాయన్నమాట.

ఇంట్లో పాత బండి అమ్మినా, కొన్నవాళ్ళ పేరుకి మారిందాకా వదలకండి. ప్రమాదం జరిగితే, బండి చేతులు మారినా సరే, రికార్డులో ఎవరి పేరుందో పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి ఎవరి చేతిలో ఉందోనన్న దిగులు మనకెందుకు?

ఇక చివరి మాట. గాజులు మనవైనప్పుడు ఆర్‌సీ మీద పేరు మనది ఎందుకు కాకూడదు? "మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటి?" అంటారు. చాలా చక్కటి మాట! తేడా ఏమీ లేనప్పుడు నా పేరే రాయించండి అని నవ్వుతూనే అడగండి. నవ్వుతూ అడిగినా, సంతకం పడేదాకా మాత్రం గాజులు తీసి ఇవ్వకండి.