‘విశేషం’ అడిగేది కోడలినేనా?

పెళ్లై రెండేళ్లు దాటింది, ఇంకా విశేషమేమీ లేదా? మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎదుర్కొనేది కోడలే. ఆమెకు 32, అతనికి 41 ఉన్నా సరే, ‘అమ్మాయికి వయసు మీరిపోతోంది’ అనే అంటారు. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబుల పరీక్ష... అన్నీ ఆమెకు అయ్యాక ఎప్పటికో అతని వంతు వస్తుంది. అదీ బతిమాలితే!

ఇది తలకిందుల వ్యవహారం. వీర్య పరీక్షకు సూది గుచ్చక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. సంతానలేమితో బాధపడే జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. మరి మొదటి రోజే ఇద్దరికీ పరీక్షలు ఎందుకు చేయించరు?

‘మగాడికి వయసేంటి’ అన్న ధీమా వల్లే. శుక్రకణాల తయారీ ముసలితనంలోనూ సాగుతుందన్నది నిజమే. కానీ నాణ్యత అలాగే ఉండదు. వాటిని తయారుచేసే మూలకణాలు యవ్వనం నుంచీ విభజన చెందుతూనే ఉంటాయి. ప్రతిసారీ డీఎన్‌ఏకు నకలు తీయాలి, అందులో ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది. తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డలో సుమారు రెండు కొత్త జన్యుమార్పులు అదనంగా కనిపిస్తాయని ఐస్‌లాండ్ కుటుంబాలపై చేసిన పరిశోధన 2012లో తేల్చింది. వీటిలో చాలావరకు ఏ హానీ చేయవు కాబట్టి హడలిపోవద్దు. అయితే 40 దాటాక శుక్రకణాల కదలిక తగ్గడం, గర్భం రావడానికి ఎక్కువ నెలలు పట్టడం, గర్భస్రావం ముప్పు కొంత పెరగడం మాత్రం ఉన్నవే.

రిపోర్టులో ‘నార్మల్’ అని చూసి మురిసిపోయేవారికి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకు కోటి 60 లక్షల కణాలు, 42 శాతం కదలిక ఉంటే కనీస స్థాయిలో ఉన్నట్టే. కానీ డీఎన్‌ఏ దెబ్బతిన్న సంగతి ఈ మామూలు పరీక్షలో తెలియదు. అలాగే ఒక్కసారి తక్కువ వచ్చిందని కుంగిపోనూ వద్దు. మళ్లీ చేయించాల్సిందే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు. వయసు మీద పడుతోందని, కండలు పెరగాలని జిమ్‌లో ఎవరో చెబితే వేయించుకుంటున్నారు. మగతనం పెరుగుతుందనుకుంటారు. జరిగేది పూర్తిగా వేరు. బయటి హార్మోన్ అందగానే, ఇక చాలన్నట్టు మెదడు వృషణాలకు సంకేతాలు ఆపేస్తుంది. శుక్రకణాలు పడిపోతాయి, కొందరిలో సున్నాకూ చేరతాయి. మానేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది. పిల్లలు కావాలనుకుంటే వీటి జోలికి పోకండి. ఇప్పటికే వాడుతుంటే డాక్టరు దగ్గర దాచకండి.

పొగ, గుట్కా మానడం, బరువు, షుగరు అదుపులో పెట్టుకోవడం అందరికీ తెలిసినవే. ఒక శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఇవాళ మానేస్తే ఫలితం మూడు నెలల తర్వాతే కనిపిస్తుంది.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టరును కలవండి. భార్యకు 35 దాటితే ఆరు నెలలే ఆగండి. ఇద్దరూ కలిసే వెళ్లండి. పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి. ల్యాబ్‌లో ఇవ్వడానికి మొహమాటమైతే, ముందే అడిగి వాళ్లిచ్చిన డబ్బాలో ఇంటి దగ్గరే నమూనా తీసుకోవచ్చు. చల్లబడకుండా చొక్కా లోపల పెట్టుకుని, గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి.