తెలుగు ఏ ఉద్యోగానికి పనికొస్తుంది?

రాజపాళయంలో పిల్లల్ని తెలుగు బడిలో చేర్చాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడగడంలో తప్పు లేదు. 2006 చట్టంతో మన రాష్ట్రంలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఇంగ్లీషు ఎలాగూ ఉంది. ఇంకో భాష బరువు ఎందుకన్నది వాళ్ళ బెంగ.

తెలుగు చదివితే ఉద్యోగం వస్తుందని మేము చెప్పం. అయితే మనిషి ఒక్క ఉద్యోగంతో ఆగిపోకుండా ఎదగడానికి ఇంటి భాష ఎంత పనికొస్తుందో చెప్పగలం.

కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారినే చూడండి. చందమామను ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన కుటుంబరావు గారి అబ్బాయి. మద్రాసులో పెరిగారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మన పిల్లల్లాగే. భౌతికశాస్త్రం చదివి ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేశారు. సితార్ వాయించారు. అణువు గురించి, మానవ పరిణామం గురించి, సంగీతం గురించి మామూలు పాఠకుడికి అర్థమయ్యే తెలుగులో రాశారు. 2012లో కన్నుమూసేనాటికి ఆయన శాస్త్రవేత్తే కాదు, రచయిత, సంగీతకారుడు కూడా. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసరుగా ఉంటూనే తెలుగులో సైన్సు వ్యాసాలు, కథలు రాసి, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూర్చిన వేమూరి వేంకటేశ్వరరావు గారిదీ ఇలాంటి దారే.

వీళ్ళకు జీతమిచ్చింది తెలుగు కాదు. కానీ తమకు తెలిసింది తెలియనివాళ్ళకు విడమరచి చెప్పే నేర్పు వాళ్ళ తెలుగులో ఉంది. ఆ నేర్పుకు ఇవాళ గిరాకీ ఉంది. మన ఊరి మిల్లులతో ఎదిగిన రామ్‌కో సంస్థల నుంచే రామ్‌కో సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. అలాంటి చోట ప్రోగ్రాము రాసేవాళ్ళతోపాటు, వాడేవాళ్ళ ఇబ్బంది విని ఇంజనీరుకు అర్థమయ్యేలా చెప్పేవాళ్ళూ కావాలి. కొత్త పరికరం గురించి పత్రికలో రాసేవాళ్ళకైనా అదే నేర్పు కావాలి. అవ్వకు బ్యాంకు కాగితం చదివి తెలుగులో చెప్పే మన పిల్లలు ఆ పని ఇప్పటికే చేస్తున్నారు. కాకపోతే నోటి మాటగా చేస్తున్నారు. రాత రాకపోతే ఆ నేర్పు ఇంటి గడప దాటదు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు మా సూచన ఒకటే. వారానికి ఒక పేజీ పిల్లల చేత సొంతంగా రాయించండి. మిల్లులో దూది నూలు ఎలా అవుతుంది? సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ ఎలా నేస్తారు? సెల్‌ఫోనుతో డబ్బు ఎలా పంపుతాం? పాఠ్యపుస్తకంలోని జవాబులు మాత్రం వద్దు.

తల్లిదండ్రులు ఆ పేజీని పిల్లల చేత గట్టిగా చదివించుకోవాలి. అర్థం కానిచోట ఆపి అడగాలి. మనలో చాలామందికి తెలుగు చదవడం రాదు, నిజమే. వినడం వచ్చు కదా!