పూర్వకవి స్తుతి లేని పాట

రెండేండ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి వేళ ములుగు నుంచి తాడ్వాయి అడవుల మీదుగా మేడారం వెళ్ళే దారి పొడవునా సమ్మక్క పాటే వినిపిస్తుంది. ఒకప్పుడు దుకాణాల ముందు క్యాసెట్లలోను, పిదప సి.డి.లలోను మ్రోగిన భక్తిగీతం నేడు వాహనాలపై డి.జె. పెట్టెల్లో చిందులకు తగిన వేగంతో సాగుతున్నది. తలపై ‘బంగారం’ అనే బెల్లపు దిమ్మెతో నడిచే భక్తుడు ఆ వేగానికి అడుగు కలుపుతాడు. అందులో దోషమేమీ లేదు.

అయితే ఆ కథను తరతరాలుగా పాడుతున్నవారు కోయల డోలీలు. బట్టపై బొమ్మలు గీసిన పడిగెను ముందుంచుకొని, డోలు, కంచుతాళం తోడుగా ఇలవేల్పుల చరిత్రను గానం చేయడం వారి వృత్తి. వారి పాటలో గట్టు, ఊరు, చుట్టరికం ముఖ్యం. పగిడిద్దరాజుది పూనుగొండ్ల, గోవిందరాజుది కొండాయి, సారలమ్మ గుడి కన్నెపల్లి. జాతరనాడు ఆ దేవతలు నేటికీ ఆయా ఊళ్ళ నుంచే గద్దెలకు కదలివస్తారు. కాకతీయ సేనతో పోరాడిన వీరవనితగా, తమ ఇంటి మనిషిగా సమ్మక్క డోలీల పాటలో దర్శనమిస్తుంది. కొత్త పాటల్లో చాలామట్టుకు ఆమె వరాలిచ్చే అమ్మగా మాత్రమే మిగిలింది. ఊళ్ళూ చుట్టరికాలూ జారిపోయాయి. కోయభాష అంతకుముందే జారిపోయింది.

పాట మారరాదని ఎవరూ అనరు. అమెరికా నల్లజాతి గాయకుల ‘సోల్’ సంగీతంలో ఓటిస్ రెడ్డింగ్ 1965లో ‘రెస్పెక్ట్’ అనే పాట వ్రాసి పాడాడు. పని నుంచి ఇల్లు చేరిన మగవాడు గౌరవం కోరే పాట అది. 1967లో అరెతా ఫ్రాంక్లిన్ దానిని స్త్రీ గొంతుతో పాడగా అర్థమే తలక్రిందులై, స్త్రీల ఆత్మగౌరవ గీతమైంది. ఆమె పాటే జగత్ప్రసిద్ధమైనా, రచయితగా రెడ్డింగ్ పేరు చెరగలేదు. మనకిది కొత్త సంగతి కాదు. నన్నయ భారతాన్ని తన కాలానికి తగినట్లు మలచుకొన్నాడు; కాని అవతారికలో వ్యాసునికి మ్రొక్కిన పిమ్మటనే కథలోకి దిగాడు. పూర్వకవి స్తుతి వట్టి మర్యాద కాదు, ఋణపత్రం.

జానపదానికి కర్త ఎవరని, ఎవరి పేరు వేయాలని కొందరి ప్రశ్న. కర్త తెలియకపోవచ్చు, మోసినవాడు తెలియకపోడు. కోయ, తెలుగు భాషలు రెండింటిలోను ఈ కథలు పాడిన సకిని రామచంద్రయ్య మణుగూరు ప్రాంతంవాడు. 2022లో ఆయనను పద్మశ్రీ వరించింది. 2024లో ఆయన కన్నుమూశాడు. పురస్కారంతో ఆయన పేరు లోకానికి తెలిసింది; తాళం పట్టి వంతపాడిన తోటి డోలీల పేర్లు ఎందరికి తెలుసు? జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు డోలీల గానాన్ని సేకరించి ఉండకపోతే ఈ మాత్రపు చర్చకైనా ఆధారం దొరికేది కాదు.

డి.జె. పాట నిర్మాతకు రాగం, తాళం, వేగం మార్చుకొనే స్వేచ్ఛ ఉన్నది. పాట మొదట ‘కోయ డోలీల కథ ఆధారంగా’ అన్న ఒక్క పంక్తి చేర్చడానికీ, వచ్చిన ఆదాయంలో కొంత ఆ డోలు వాయించే ఇంటికి పంపడానికీ మాత్రం ఇంతవరకు వేళ చిక్కలేదు.