మంచము క్రింది పుస్తకములు అంగడి కెక్కుట యెట్లు?

నిరుడు శ్రావణ శుక్రవారమున వల్లూరులోని మా పుట్టినింటికి పేరంటమునకు పోయితిని. తాంబూలము పుచ్చుకొని లేవబోవుచుండగా మా వదినె నన్ను లోపలి గదికి పిలిచి, మంచము మీదనుండి వ్రేలాడు దుప్పటి నెత్తి చూపినది. క్రింద అట్టపెట్టెలనిండ పుస్తకములు! అవి ఆమె వ్రాసినవే. కీర్తిశేషురాలయిన మా అమ్మ నోటను, చుట్టుపట్ల గ్రామములలోని ముసలమ్మల నోటను నిలిచియుండిన పెండ్లిపాటలు, లాలిపాటలు, మంగళహారతులు ఆరేండ్లపాటు వ్రాసికొని, ఏ పాట యే వేడుకలో నెప్పుడు పాడవలెనో వివరించి, 500 ప్రతులు అచ్చొత్తించినది. ఖర్చు 35,000 రూపాయలు. అందుకై తన చేతిగాజులు రెండును కుదువబెట్టినది.

“అచ్చయి ఎనిమిది నెలలైనది. 40 ప్రతులు చుట్టములకు ఊరకనే పోయినవి. 50 ప్రతులు పట్టణమున నొక అంగడిలో పెట్టితిమి. వారిప్పుడు లెక్క దొరకదనుచున్నారు. తక్కినవి ఇవి. చెదలు పట్టకుండ వేపాకు వేయుచున్నాను. మీ అన్నయ్య ఒక్క మాటయు అనలేదు. అననందుకే నాకు తల యెత్త బుద్ధి పుట్టకున్నది. నీవు చదువుకొన్నదానవు గదా, దారి చెప్పు” అని కన్నీరు పెట్టుకొన్నది.

నేను చదివినది భారత భాగవతములు. అంగడి చదువు నాకేమి తెలియును? అయినను నాటినుండి కడపలోను ప్రొద్దుటూరులోను పుస్తకముల వర్తకులను అడిగి, స్వయముగా పుస్తకములు వేసికొన్న రచయిత్రులను అడిగి, కొంత నేర్చితిని. మనలో కథలు వ్రాయువారు, పాటలు కూర్చువారు, వంటల పుస్తకములు వేయదలచువారు పెక్కుమంది కలరు గనుక ఆ నేర్చినది ఈ మాసమున మీకును చెప్పుచున్నాను.

మొట్టమొదటిది వెల. అంగడివాడు పుస్తకమును ఊరకనే అమ్మి పెట్టడు. అట్టమీది వెలలో సాధారణముగా నూటికి 30 మొదలు 40 వఱకు తన భాగముగా నుంచుకొనును. ఇది దోపిడి యని కోపపడరాదు. ఇంటి బాడుగ, దీపముల ఖర్చు, పనివారి జీతము, నెలల తరబడి బీరువాలో మనకిచ్చిన చోటు, ఇవన్నియు ఆ భాగములోనివే. ఈ సంగతి వదినెకు తెలియదు. ఒక్కొక్క ప్రతికి అచ్చుకూలి 70 రూపాయలు పడగా, పైన 30 లాభమని యెంచి 100 రూపాయలు వెల వేయించినది. అంగడివాడు 40 తీసికొన్నచో ఆమె చేతికి వచ్చునది 60. అనగా అమ్మిన ప్రతి పుస్తకమునకును 10 రూపాయలు నష్టము! అయిదువందలును అంగళ్లలోనే అమ్ముడుపోయినను 30,000 మాత్రమే వచ్చును. గాజులు పూర్తిగా విడుదల కావు. ఆ లెక్క కాగితముమీద వేసి చూపగా ఇద్దఱమును చాలసేపు మాటలాడలేదు. పాలు కొనునప్పుడును పప్పు కొనునప్పుడును పైసకు పైస లెక్కించు మనము, పుస్తకము దగ్గర లెక్క మఱచుట వింత గాదా? వెల 150 వేసియుండినచో అంగడి భాగము 60 పోయినను 90 మిగిలెడిది. కావున అచ్చునకు పంపకముందే అంగడివాని భాగమును తీసివేసి, అచ్చుకూలి దానిలో వచ్చునో రాదో చూచి, పిదప వెల నిర్ణయింపుడు. అంతకంటె ముందు, 500 అవసరమా, 100తో మొదలుపెట్టరాదా యని యోచింపుడు. నేటి యంత్రములు కొలది ప్రతులను గూడ అచ్చువేయుచున్నవి. ప్రతికి కూలి కొంచెము హెచ్చును గాని మంచము క్రింద నిలువ యుండదు.

రెండవది పుస్తకపు రూపు. అంగడి బీరువాలో పుస్తకము నిలువుగా నుండును. కొనువారికి కనబడునది దాని వెన్ను మాత్రమే. నడుమ తీగెతో కుట్టిన పలుచని పుస్తకమునకు వెన్నుండదు, పేరు కనబడదు. నెల తిరుగకముందే తక్కినవాని నడుమ నణగిపోవును. కావున వెన్ను గట్టునట్లు జిగురుతో నంటింపజేసి, దానిపై పేరు స్పష్టముగా వేయింపుడు. ఇంకొకటి ఐ.ఎస్.బి.ఎన్. అను సంఖ్య. ప్రపంచమున ఏ పుస్తకమునకు ఆ పుస్తకమునకు వేఱువేఱుగా నుండు 13 అంకెల గుర్తిది. 2007కు ముందు 10 అంకెలుండెడివి. పెద్ద అంగళ్లలో కంప్యూటరుతో చీటీ వ్రాయువారు దీనినే అడుగుదురు. మన దేశమున కేంద్ర విద్యాశాఖకు చెందిన రాజా రామమోహన రాయ్ జాతీయ సంస్థ దీనిని ఉచితముగా నిచ్చును. స్వయముగా ప్రకటించుకొను రచయిత్రి తన పేరుననే అంతర్జాలమున దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దీనికై ఎవరికిని వేలకొలది రూపాయలు చెల్లింపవలదు. అచ్చునకు ముందే తెచ్చుకొని వెనుక అట్టపై వేయింపవలెను.

మూడవది అంగడివానిని చూడబోవుట. మన వైపు చిన్న పట్టణములలో పుస్తకముల అంగళ్లు చాలవఱకు పాఠపుస్తకములు, నోటుపుస్తకములు అమ్మునవే. బడులు తెఱచు జూన్ మాసమున మీరు సాహిత్యము చేతబట్టుకొని పోయినచో వినువాడుండడు. ఆ రద్దీ లేని నెలలో, మధ్యాహ్నపు వేళ పొండు. నమూనాగా ఒక ప్రతియు, ఒక కాగితముపై పుస్తకము పేరు, విషయము రెండు వాక్యములలో, పుటల సంఖ్య, వెల, మీరు విడుచు భాగము, ఫోను సంఖ్యయు వ్రాసికొని పొండు. “మా పుస్తకము చాల గొప్పది” అనుటకంటె “మీ యూరిలో పెండ్లివారికి పనికివచ్చును” అనుట మేలు. ఎవరు కొందురో తెలిసిననే గాని వర్తకుడు చోటివ్వడు. మొదట అయిదు ప్రతులే యిండు. అయిదమ్ముడుపోయినచో అతడే పది అడుగును. ఒక్కసారి యాబది పెట్టినచో అవి మూట విప్పకుండనే మూలబడును.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, రసీదు. క్రొత్త రచయితల పుస్తకములను వర్తకులు సొమ్మిచ్చి కొనుట యరుదు. అమ్ముడుపోయిన పిదప సొమ్ము, పోనిచో పుస్తకము తిరిగి, అను షరతుపై తీసికొందురు. ఈ పద్ధతిలో తప్పు లేదు. కాని ఎన్ని ప్రతులు, ఏ తేదీన, నూటికెంత భాగము, లెక్క యెప్పుడు చూచుట, చినిగిన ప్రతుల నష్టమెవరిది, తిరిగి పంపు ఖర్చెవరిది, ఇవన్నియు రెండు కాగితములపై వ్రాసి, ఇరువురును సంతకము చేసి, చెఱియొకటి యుంచుకొనవలెను. వదినె 50 ప్రతులిచ్చినచోట ఒక చీటీయైన లేదు. అడుగుటకు మొగమాటపడినది. ఎదుటింటికి మానెడు బియ్యము బదులిచ్చిన గుర్తుంచుకొను ఇల్లాండ్రము, మూడున్నర వేల రూపాయల కూలి పడిన సరకును మొగమాటమునకు విడిచితిమి! చీటీ అడుగుట అపనమ్మకము గాదు. నిజమైన వర్తకుడు దానిని మెచ్చును. వలదనువానికి ఈయకుండుటయే మేలు. మూడు మాసముల కొకసారి స్వయముగా పోయి మిగిలిన ప్రతులను లెక్కపెట్టి, కదలని చోటనుండి కదలు చోటికి మార్చవలెను.

మీ జిల్లా దాటి పోవలెనన్న విజయవాడ ఏలూరు రోడ్డున, హైదరాబాదున పంపకపుదారులు కలరు. వారు తమ భాగమునుండి చిన్న అంగళ్లకు పంచవలెను గనుక సగము వెల వఱకును అడుగవచ్చును. తగిన వెల వేసినవారికే ఆ దారి. విజయవాడలో జనవరి తొలిదినములలో జరుగు పుస్తక మహోత్సవమునను, హైదరాబాదు పుస్తక ప్రదర్శనమునను కొందఱు చిన్న ప్రకాశకులు కలిసి ఒక అంగణము తీసికొని బాడుగ పంచుకొందురు. అదియు ఒక యుపాయము.

ఇది నేటి కష్టము మాత్రమే కాదు. 1820లో ఉద్యోగియై కడపకు వచ్చిన బ్రౌను దొర సొంత ధనముతో పండితులను పోషించి గ్రంథముల ప్రతులు వ్రాయించెను. ఆ కాలమున ప్రతి దొరకుటయే కష్టము. నేడు ప్రతులు సులభము, పాఠకులు దొరకుట కష్టము. 1906లో హైదరాబాదున స్థాపింపబడిన విజ్ఞాన చంద్రికా మండలివారు ఈ చిక్కును తెలిసికొని, ముందుగా చందాదారులను చేర్చుకొని పుస్తకములు ప్రకటించిరి. చదువువారెవరో ముందే తెలిసియుండుట ఆ పద్ధతిలోని బలము. మన కాలమున రంగనాయకమ్మగారు తమ పుస్తకములను స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరున తామే ప్రకటించుకొని, సామాన్యులు కొనగల వెలకు అందించుచు వచ్చిరి. ఆడుది పుస్తకము వ్రాయుటయే గాక దాని వ్యవహారమును గూడ నడపగలదనుటకు వేఱు సాక్ష్యమేల?

ఇక వదినె సంగతి. అచ్చయిన వెలను మార్చుట కుదురదు. కావున అంగళ్లలో కొన్ని మాత్రమే పెట్టి, తక్కినవి చేతిమీదుగా అమ్మవలెనని నిశ్చయించితిమి. చేతిమీద అమ్మినచో 100కు 100ను మనవే. పెండ్లిపాటల పుస్తకము కావలసినది పెండ్లివారికి. తాంబూలముతో ప్లాస్టిక్ డబ్బాలు పంచు బదులు ఈ పుస్తకము పంచరాదా యని తెలిసినవారి నడిగితిమి. రెండిండ్ల పెండ్లివారు ఏబదేసి ప్రతులు కొనిరి. పేరంటములలోను, ఫోనుద్వారా విన్నవారికిని మఱి 110 పోయినవి. దూరమువారికి తపాలాశాఖ 2025 మే 1వ తేదీన మొదలుపెట్టిన జ్ఞానపోస్టు వాడితిమి. విద్యకు, సంస్కృతికి, మతమునకు సంబంధించిన అచ్చు పుస్తకములకది వర్తించును. 300 గ్రాముల వఱకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను వేఱు. పుస్తకముపై ప్రకాశకుని పేరో ముద్రాపకుని పేరో తప్పక యుండవలెను. ఆ ఖర్చు కొనువారే యిచ్చిరి.

1954 నాటి చట్టము ప్రకారము ప్రకాశకులు పుస్తకము వెలువడిన 30 దినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చెన్నపట్టణపు కన్నెమరా మొదలగు మఱి మూడింటికిని ఒక్కొక్క ప్రతి తమ ఖర్చుతో పంపవలెను. స్వయముగా ప్రకటించుకొనువారును ప్రకాశకులే. వదినె ఆలస్యముగా నైనను ఆ నాలుగును పంపినది. జిల్లా గ్రంథాలయమువారిని గూడ పుస్తకములు కొను కాలమడిగి యున్నాము. ఇంటిపన్నుతో గ్రంథాలయపు పన్ను కట్టుచున్న మనకు ఆ యడుగుటలో సిగ్గేల?

ఏడాది లెక్క యిది. చేతిమీద 210 ప్రతులకు 21,000. రసీదుతో పెట్టిన అంగళ్లలో 60 ప్రతులకు 3,600. మొత్తము 24,600. పోయిన 50 పోయినవే. ఇంకను 136 ప్రతులున్నవి, 10,400 రావలసియున్నది. అవి చేతిమీద పోయినచో అసలు తీరును. వడ్డీ వదినె నేర్చిన పాఠమునకు గురుదక్షిణ యనుకొందము. మొన్న ఉగాదికి ఒక గాజు విడిపించుకొన్నది. ఒంటిగాజు వేసికొనుట బాగుండదని పెట్టెలోనే దాచినది.

అయితే నాకు గాజుకంటె హెచ్చు సంతోషము కలిగించినది వేఱొకటి కలదు. మాఘమాసమున కమలాపురము వైపు ఒక పెండ్లిలో, మాకేమియు చుట్టము గాని యొక చిన్నది, ఆ పుస్తకము చేతబట్టుకొని, మా అమ్మ పాడు అప్పగింతపాటను తడబడుచు పాడినది. ప్రక్కన వదినె నిలుచుండి, పాట తప్పినచోట మెల్లగా అందించుచుండెను. పుస్తకము అంగడి కెక్కవలెనని మనము కోరునది ఇందుకే గదా! కాని ఆ చిన్నదాని చేతికి అది చేరుటకు పాట మంచిదైన చాలలేదు. వెలయు, వెన్నును, చీటీయు, లెక్కయు కావలసివచ్చినవి. వ్రాయదలచిన సోదరీమణులారా, కలము పట్టిన చేతితోనే లెక్కల పుస్తకమును గూడ పట్టుడు.