చిప్‌లో పొట్టి మనిషి!

కంప్యూటర్‌ ఎలా పనిచేస్తుందని పిల్లల్ని అడిగి చూడండి. ఇన్‌పుట్‌, ప్రాసెసర్‌, ఔట్‌పుట్‌... అంటూ మూడు డబ్బాల బొమ్మ గీసేస్తారు. ఇంజినీరింగ్‌లో చేరాక డబ్బాల సంఖ్య పెరుగుతుంది, మధ్యలో బాణాలు చేరతాయి. పేర్లు సరిగ్గా రాస్తే మార్కులూ పడతాయి. చిక్కల్లా ఆ బొమ్మలో ఏదీ కదలకపోవడమే. ఏ బాణం వెంట ఏం వెళ్తోంది, ఏది ముందు ఏది వెనక... కాగితం మీద కనపడదు.

ఆ చిక్కుని 1965లోనే చిన్న ఊహతో విడదీశారు అమెరికాలోని ఎంఐటీకి చెందిన స్టువర్ట్‌ మాడ్నిక్‌. ఆయన రూపొందించిన 'లిటిల్‌ మ్యాన్‌ కంప్యూటర్‌'లో ప్రాసెసర్‌ పని చేసేది ఓ పొట్టి మనిషి. అతనుండేది పోస్టాఫీసులాంటి గది. అందులో 0 నుంచి 99 వరకూ నంబర్లు వేసిన వంద అరలు. ఒక్కో అరలో ఒక మూడంకెల సంఖ్య. పక్కన ఓ క్యాలిక్యులేటర్‌, తర్వాత ఏ అర చూడాలో చెప్పే ఓ కౌంటర్‌. అంతే! మనవాడికి సొంత బుర్ర ఉండదు. కౌంటర్‌ చూస్తాడు, ఆ అరలోని సంఖ్య చదువుతాడు, కౌంటర్‌ని ఒకటి పెంచుతాడు, సంఖ్య ఏం చెబితే అది చేస్తాడు. 520 అంటే 20వ నంబరు అరలో ఉన్నది క్యాలిక్యులేటర్‌లో వెయ్యమని. 121 అంటే 21లో ఉన్నది దానికి కలపమని. 322 అంటే వచ్చిన మొత్తాన్ని 22లో పెట్టమని. 902 అంటే జవాబు బయటికి చెప్పమని.

ఇప్పుడీ గది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. బటన్‌ నొక్కిన ప్రతిసారీ పొట్టి మనిషి ఒక్క అడుగు వేస్తాడు. అసలు సరదా మాత్రం తప్పు చేసినప్పుడే. 20లో 300, 21లో 20 ఉన్నాయనుకోండి. మొత్తాన్ని 22లో పెట్టమనడానికి బదులు పొరపాటున 3లో పెట్టమన్నాం. జవాబు చెప్పమనే 902 ఉన్నది ఆ అరలోనే! అది చెరిగిపోయి 320 వచ్చి కూర్చుంటుంది. పొట్టి మనిషి అనుమానించడు. 320 అంటే 20వ అరలో పెట్టమని కదా అనుకుని అక్కడున్న 300ని కాస్తా తుడిచేస్తాడు. జవాబు మాత్రం రాదు. ప్రోగ్రామూ డేటా ఒకే మెమరీలో ఉంటాయన్న మాట పుస్తకంలో ఒక్క వాక్యం. దాని అర్థం ఇక్కడ కళ్లకు కడుతుంది.

ఇంకా లోపలికి వెళ్లాలనుకునేవాళ్లకీ ఓ దారి ఉంది. 1975లో 25 డాలర్లకు అమ్మిన 6502 అనే చిప్‌ ఆపిల్‌-2 కంప్యూటర్‌కు గుండెకాయ. గ్రెగ్‌ జేమ్స్‌, బ్యారీ సిల్వర్‌మన్‌, బ్రయన్‌ సిల్వర్‌మన్‌లు దాని పైపొర తొలగించి, మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసి, దాదాపు 3,500 ట్రాన్సిస్టర్లనూ వాటి మధ్య తీగలనూ ఒక్కొక్కటిగా గుర్తించి 2010లో తెరమీదికి తెచ్చారు. అదే 'విజువల్‌ 6502'. అడుగడుక్కీ తీగలు రంగులు మారుతుంటే సంక్రాంతి ముగ్గు చూసినట్టే ఉంటుంది. కానీ కొత్తవాళ్లకి అది ముగ్గుగానే మిగిలిపోతుంది!

బొమ్మ కదిలినంత మాత్రాన పాఠం బుర్రకెక్కదు మరి. ఆల్గారిదమ్‌లను యానిమేషన్‌తో చూపించే సాఫ్ట్‌వేర్లపై జరిగిన 24 ప్రయోగాలను 2002లో హండ్‌హాసెన్‌, డగ్లస్‌, స్టాస్కో అనే పరిశోధకులు బేరీజు వేశారు. తెరమీద ఏం చూపించారన్న దానికన్నా, చూసేటప్పుడు విద్యార్థి ఏం చేశాడన్నదే ముఖ్యమని తేలింది.

కాబట్టి బటన్‌ నొక్కే ముందే తర్వాత ఏ అరలోకి ఏ సంఖ్య వెళ్తుందో పిల్లలతో కాగితం మీద రాయించాలి. తర్వాతే నొక్కనివ్వాలి. తప్పిందా... ఏ అడుగులో దారి తప్పారో వాళ్లే వెతుక్కుంటారు. ఇంట్లో కంప్యూటర్‌ లేకపోయినా ఫర్వాలేదు. ఓ ఇరవై ముప్ఫై అగ్గిపెట్టెలు, కాసిని చీటీలు చాలు. ఒకరు పొట్టి మనిషైతే, మిగతావాళ్లు ప్రోగ్రాం రాయొచ్చు.